నూరు లీటర్ల కొలను

కొల్లేటి లంక గ్రామాల పిల్లలకు ఏది తేలుతుందో, ఏది మునుగుతుందో ఒకరు చెప్పక్కర్లేదు. తాటి మొద్దును నిలువునా చీల్చి, లోపలి మెత్తని భాగం తొలిచి చేసిన దోనె మీద ఒక్కరెక్కితే నీళ్లు అంచుకు ఎంత దూరంలో ఉంటాయో, ముగ్గురెక్కితే ఎంత దగ్గరికొస్తాయో వాళ్లకు చిన్నప్పుడే తెలిసిపోతుంది. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు వచ్చిన నీటినంతా ఉప్పుటేరు సముద్రంలోకి దించలేకపోతే మట్టం ఎక్కడిదాకా లేస్తుందో పెద్దల మాటల్లో వింటూ పెరుగుతారు. ‘ఐదో కాంటూరు’ అక్కడ భూగోళం పుస్తకంలో మాట కాదు. 1999లో ఆ ఎత్తు గీతను హద్దుగా చేసుకుని అభయారణ్యం ప్రకటన వచ్చినప్పటి నుంచీ, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పటి నుంచీ, ఆ గీతకు ఇవతల ఉన్నామా అవతల ఉన్నామా అన్నదాని మీదే చాలా ఇళ్ల బతుకుతెరువు ఆధారపడి ఉంది.

అదే పిల్లవాడు తొమ్మిదో తరగతిలో సాంద్రత దగ్గరికొచ్చేసరికి ‘బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి’ అని రాసేస్తాడు. ముగ్గుర్ని మోసే దోనె తేలుతుందని, అరచేతిలో ఇమిడే రాయి మునుగుతుందని తెలిసే రాస్తాడు. తెలివి తక్కువై కాదు. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించమని చెప్పే సూత్రం, అతను రోజూ చూసే నీళ్లను ఎక్కడా ముట్టుకోదు. బడి చెప్పిన సంగతి నోట్సులో, చెరువు చెప్పిన సంగతి ఒంట్లో, వేరువేరుగా ఉండిపోతాయి.

ఈ రెంటినీ ఒకచోటికి తెచ్చే పనిముట్టు ఒకటుంది. అమెరికాలోని బౌల్డర్ నగరంలో, కొలరాడో విశ్వవిద్యాలయంలో ‘ఫెట్’ అనే బృందం తయారుచేసిన ‘డెన్సిటీ’ సిమ్యులేషన్. దాన్ని పొగడటానికి నా కారణం అది కంప్యూటర్ మీద నడవడం కాదు, చేసినవాళ్ల పనితనం. మంచి వడ్రంగి చేసిన బల్లను తిరగేసి అడుగుభాగం చూసినట్టు దీన్ని చూడాలి.

ఫెట్‌ను 2002లో మొదలుపెట్టిన కార్ల్ వీమన్ అంతకు ముందు ఏడాదే, 2001లో, ఎరిక్ కార్నెల్, వోల్ఫ్‌గాంగ్ కెటర్లీలతో కలిసి భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. మన సత్యేంద్రనాథ్ బోస్ పేరు కలిసిన ‘బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్’ అనే పదార్థ స్థితిని ప్రయోగశాలలో సాధించినందుకు వచ్చిన బహుమతి అది. అంతటి శాస్త్రవేత్త ఆ తర్వాత పిల్లలు భౌతికశాస్త్రం ఎందుకు అర్థం చేసుకోలేకపోతున్నారన్న ప్రశ్న మీద కూర్చున్నాడు. నాకు ఇది చాలా గొప్పగా తోస్తుంది. ఫెట్ సిమ్యులేషన్లు ఉచితం. ఫోను, ట్యాబు, గోడమీది ప్యానెల్, దేని బ్రౌజర్లోనైనా నడుస్తాయి. కొన్ని తెలుగులోకీ వచ్చాయి.

ఇక తెర మీదికి వెళ్దాం.

ఒక కొలను, పక్కన నేల, నేల మీద ఒక చెక్క దిమ్మె. అంతే. సూచనల పేజీ లేదు. ‘స్వాగతం’ అంటూ మాట్లాడే బొమ్మ లేదు. కొలనులో నీళ్లు నూరు లీటర్లని పక్కనే అంకె ఉంటుంది. దిమ్మె రెండు కిలోలు, ఐదు లీటర్లు. పిల్లవాడు చూడగానే ఏం చేస్తాడు? దిమ్మెను వేలితో పట్టి నీళ్లలో పడేస్తాడు. అది నాలుగుసార్లు ఊగి, తేలి నిలబడుతుంది. నీళ్ల పక్కన అంకె 102 అవుతుంది.

ఈ 102 దగ్గర ఉపాధ్యాయుడు ఒక్క నిమిషం ఆగితే చాలు. ఐదు లీటర్ల దిమ్మె వేస్తే రెండు లీటర్లే ఎందుకు పెరిగింది? ఇప్పుడు దిమ్మెను వేలితో కిందికి లాగి, పూర్తిగా ముంచి పట్టుకుంటే 105 చూపిస్తుంది. వదలగానే పైకి దూసుకొచ్చి మళ్లీ 102 దగ్గర కుదురుకుంటుంది. రెండు కిలోల చెక్క రెండు లీటర్ల నీటిని తొలగించింది. రెండు లీటర్ల నీళ్ల బరువు రెండు కిలోలు. ఆర్కిమిడీస్ సూత్రం మొత్తం ఆ రెండు అంకెల మధ్యే ఉంది. కానీ సిమ్యులేషన్ ఎక్కడా దాన్ని మాటల్లో చెప్పదు. ‘శభాష్, నువ్వు ఆర్కిమిడీస్ సూత్రం కనుక్కున్నావు’ అని చప్పట్లు కొట్టించదు. అంకెను సరిగ్గా కళ్లు పడే చోట పెట్టి, తను తప్పుకుంటుంది. ఇలా తప్పుకోవడమే దీని పనితనంలో కష్టమైన భాగమని నేను నమ్ముతాను. తెలిసినది చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో బడిలో పాఠం చెప్పిన ఎవరిని అడిగినా చెబుతారు.

దీనికన్నా సూక్ష్మమైన పని జారుడు మీటల్లో ఉంది. దిమ్మెకు రెండు మీటలు, ఒకటి ద్రవ్యరాశికి, ఒకటి ఘనపరిమాణానికి. పదార్థం ‘చెక్క’ అని ఉన్నంతసేపు ద్రవ్యరాశి మీట జరిపితే ఘనపరిమాణం మీట కూడా దానంతటదే కదులుతుంది. రెండో మీటను వెనక్కి లాగి మొదటిదాన్ని ఉన్నచోటే నిలబెట్టాలని పిల్లలు చూస్తారు. కుదరదు. ఎక్కువ చెక్క కావాలంటే ఎక్కువ చోటూ కావాలి మరి! చెక్క బదులు ఇటుక, మంచు, అల్యూమినియం పెట్టినా ఇదే కట్టుబాటు. పదార్థాన్ని ‘నా ఇష్టం’ అన్న ఎంపికకు మార్చినప్పుడే రెండు మీటలూ విడివిడిగా కదులుతాయి. సాంద్రత అనేది పదార్థానికి చెందిన గుణమనీ, ముక్క చిన్నదైనా పెద్దదైనా మారదనీ పుస్తకం ఒక వాక్యంలో చెబుతుంది. ఇక్కడ ఆ వాక్యం మీటల బిగువులో ఉంది. వేలికి తగిలాక మరిచిపోవడం కష్టం.

మీటలు విడిపోయాక ఐదు లీటర్లు అలాగే ఉంచి ద్రవ్యరాశిని సరిగ్గా ఐదు కిలోలకు తెస్తే దిమ్మె తేలదు, మునగదు. నీళ్లలో ఎక్కడ వదిలితే అక్కడ నిలబడుతుంది. కొల్లేటి ఒడ్డున ఈ క్షణాన్ని వృథా పోనివ్వకూడదు. బొచ్చె చేపను కోసేటప్పుడు కడుపులోంచి బయటపడే తెల్లటి గాలితిత్తిని చూడని పిల్లలు అక్కడ ఉండరు. చేప ఆ తిత్తిలో గాలి పెంచి తగ్గించి తన ఘనపరిమాణాన్ని సర్దుకుంటుంది, అందుకే నీళ్ల నడుమ ఈదకుండానే నిలబడగలదు. తెర మీది దిమ్మె, వంటింట్లో చేప ఒకే లెక్క చేస్తున్నాయని తెలిసినప్పుడు పాఠానికి ప్రాణం వస్తుంది. ఆ మాట కలపాల్సింది మాత్రం ఉపాధ్యాయుడే. బౌల్డర్‌లో కూర్చున్నవాళ్లకు బొచ్చె తెలియదు.

రెండో తెరలో నాలుగు రంగుల దిమ్మెలు. ఒకే ద్రవ్యరాశి, ఒకే ఘనపరిమాణం, ఒకే సాంద్రత, ఈ మూడు అమరికల్లో ఒకటి ఎంచుకోవచ్చు. ‘ఒకే ఘనపరిమాణం’ ఎంచుకుంటే దిమ్మెలన్నీ ఒకే సైజు, కొన్ని తేలుతాయి, కొన్ని మునుగుతాయి. రైస్ మిల్లులున్న తాడేపల్లిగూడెం తరగతిలో అయితే ఇక్కడ మిల్లు ముందుకొస్తుంది. ఒకే కొలత సంచుల్లో ఊక, బియ్యం నింపితే ఏది భుజానికెత్తుకోవడం తేలికో మిల్లులో పనిచేసే వాళ్ల పిల్లలు వెంటనే చెబుతారు. ‘ఒకే సాంద్రత’ అమరికలో చిన్న దిమ్మె తేలితే పెద్ద దిమ్మె కూడా తేలుతుంది. ‘బరువైనవి మునుగుతాయి’ అన్న నమ్మకానికి దెబ్బ తగిలేది ఇక్కడే. ఒక నమ్మకాన్ని కూలదోయాలంటే దానికి ఎదురు నిలిచే ఉదాహరణ కావాలి, అదీ పిల్లవాడి చేతుల మీదుగా జరగాలి. ఈ మూడు అమరికల క్రమం చూస్తే, పిల్లలు ఎక్కడ పొరబడతారో ముందే తెలిసినవాళ్లు చేసిన పని అని అర్థమవుతుంది.

నిజంగానే ముందే తెలుసుకుంటారు. ఫెట్ బృందం ఒక సిమ్యులేషన్ తయారవుతున్నప్పుడే విద్యార్థుల్ని ఒక్కొక్కర్ని కూర్చోబెట్టి, మనసులో అనుకుంటున్నది పైకి చెబుతూ వాడమంటుంది. ఎక్కడ వేలు ఆగిందో, ఏ గుర్తును తప్పుగా అర్థం చేసుకున్నారో రాసుకుని మళ్లీ దిద్దుతుంది. తెర మీద ఉన్న ప్రతిదానికీ ఏదో ప్రాముఖ్యం ఉందని పిల్లలు అనుకుంటారని వాళ్లకు అలాగే తెలిసింది. అందుకే అలంకారాలు తీసేశారు. 2008లో వెండీ ఆడమ్స్, వీమన్ తదితరులు ప్రచురించిన అధ్యయనం ఇంకా విలువైన సంగతి చెప్పింది. అడుగడుగునా ఏం చేయాలో రాసిస్తే విద్యార్థులు ఆ చెప్పింది చేసి ఆగిపోయారు. ఒక ప్రశ్న ఇచ్చి వదిలేస్తే తమంతట తాము వెతికారు. సూచనల పేజీ లేకపోవడం బద్ధకం వల్ల కాదు, బాగా పరీక్షించి తీసుకున్న నిర్ణయం.

మూడో తెర నాకు అన్నిటికన్నా ఇష్టం. అక్షరాలు మాత్రమే రాసిన దిమ్మెలు, ఒక తూనిక, ఒక కొలను. ఏ దిమ్మె ఏ పదార్థమో చెప్పరు. తూచి ద్రవ్యరాశి, ముంచి ఘనపరిమాణం తెలుసుకుని, భాగించి, చెక్క నుంచి బంగారం దాకా ఉన్న సాంద్రతల పట్టికలో వెతకాలి. సీసం లీటరుకు 11.34 కిలోలు, బంగారం 19.32. తేలే దిమ్మె వస్తే చిక్కు. అది పూర్తిగా మునగదు కాబట్టి నీటి మట్టం దాని ఘనపరిమాణం చెప్పదు. దాన్ని వేలితో నొక్కి ముంచాలని పిల్లల్లో ఎవరికో ఒకరికి తట్టాలి. తట్టేదాకా ఆగే ఓపిక తరగతికి ఉండాలి. భాగహారం చేయడానికి పిల్లలు తహతహలాడే పాఠాలు మన బడుల్లో ఎన్ని ఉన్నాయి?

కుడివైపు కింద మూల ఒక నారింజ రంగు గుండ్రటి మీట ఉంటుంది. నొక్కితే అంతా మొదటికి వస్తుంది. ఫెట్ చేసిన దాదాపు ప్రతి సిమ్యులేషన్‌లోనూ అదే మూల, అదే రంగు. ప్రయోగశాలలో బీకరు పగిలితే తిట్లు తినాలేమోనని చేతులు కట్టుకుని నిలబడే పిల్లవాడికి ఆ మీట ఎంత ధైర్యమో ఆలోచించండి.

బయటికి కనపడని పని కూడా ఉంది. ఇంగ్లిషులో చిన్నగా ఉన్న మాట మరో భాషలో పొడుగవుతుంది, మన ఒత్తులు, గుణింతాలు పైకీ కిందికీ చోటు అడుగుతాయి. ఫెట్ ప్రోగ్రామర్లు తెర మీది ప్రతి మాటనూ రెట్టింపు పొడవు చేసి చూసే ఒక పరీక్ష పెట్టుకున్నారు. కుడి నుంచి ఎడమకు రాసే భాషలకు మరొకటి. మాట పొడుగైతే పెట్టె దాటకుండా కుదించుకునేలా రాస్తారు. తెలుగు చదవని మనిషి తెలుగు అక్షరానికి ముందే చోటు వదిలి ఉంచడం నాకు ఎంతో మర్యాదగా కనిపిస్తుంది. అలాగే ఒక్కో సిమ్యులేషన్‌ను ఒకే ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లవచ్చు. నెట్ ఉన్నా లేకున్నా నడుస్తుంది. వానల్లో సిగ్నల్ పోయే లంక గ్రామం బడికి ఇంతకన్నా అక్కరకొచ్చే గుణం లేదు.

2019 నవంబరు 14న మొదలైన ‘మన బడి నాడు-నేడు’ కార్యక్రమం తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల గోడల మీదికి పెద్ద ప్యానెళ్లు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు వచ్చాయి. అంటే గోడ ఉంది, చెయ్యీ ఉంది. వాటి మీద ఎక్కువగా నడిచేది వీడియో పాఠం. దాని విలువ దానిది. ఉప్పుటేరు ఎలా పారుతుందో, ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు గూళ్లు ఎలా కడతాయో వీడియోనే బాగా చూపిస్తుంది. కానీ పిల్లవాడు తప్పుగా ఊహించినా వీడియో అలాగే సాగిపోతుంది. సిమ్యులేషన్ ఆ తప్పు ఊహకు కూడా ఫలితం చూపిస్తుంది. 2005లో కొలరాడోలోనే నోవా ఫింకెల్‌స్టైన్ బృందం విద్యుత్ వలయాల పాఠంతో ఒక పోలిక చేసింది. సిమ్యులేషన్‌తో నేర్చుకున్న విద్యార్థులు, అసలు బల్బులు, తీగలతో నేర్చుకున్నవాళ్ల కన్నా భావనల పరీక్షలోనూ, ఆ తర్వాత నిజమైన వలయాన్ని కట్టడంలోనూ మెరుగ్గా ఉన్నారు. దీన్ని పట్టుకుని ప్రయోగశాల అక్కర్లేదనడం తప్పు. అన్ని సిమ్యులేషన్లూ ఇంత శ్రద్ధగా చేసినవి కావు.

‘డెన్సిటీ’కి ఒక హద్దు ఉంది. అందులోవన్నీ ఘనాకారపు దిమ్మెలే. తొలిచిన తాటి మొద్దుకు అందులో చోటు లేదు. దోనె సంగతి చెప్పాలంటే అదే బృందం తర్వాత తెచ్చిన ‘బోయెన్సీ’ సిమ్యులేషన్ కావాలి. అందులో చివరి తెర మీద నిజంగానే ఒక పడవ ఉంటుంది. పడవలో దిమ్మె పెట్టవచ్చు, తీసి నీళ్లలో వేయవచ్చు. లీటరుకు రెండు కిలోల సాంద్రత ఉన్న ఐదు లీటర్ల ఇటుకను తీసుకోండి. బరువు పది కిలోలు. పడవలో ఉన్నప్పుడు అది పది లీటర్ల నీటిని తొలగించి మట్టాన్ని పైకి నెడుతుంది. పడవలోంచి నీళ్లలోకి విసిరితే మునిగి, తన సైజుకు సరిపడా ఐదు లీటర్లనే తొలగిస్తుంది. కాబట్టి కొలనులో మట్టం పెరగదు, తగ్గుతుంది.

ఈ ప్రశ్నను తెర వెలిగించక ముందే అడగాలని నా అభిప్రాయం. పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా అని చేతులెత్తించి, లెక్క నల్లబల్ల మీద రాయించి, ఒక బకెట్టులో ప్లాస్టిక్ డబ్బా తేల్చి, డబ్బాలో రాయి పెట్టి, నీటి మట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీసి, ఆ రాయిని తీసి నీళ్లలో వేసి చూడమనాలి. ఆ తర్వాతే సిమ్యులేషన్ తెరవాలి. బకెట్టులో మట్టం వెంట్రుకవాసి మారిందో లేదో అని వాదులాడుకున్న తరగతికి కొలను పక్కన దిగే అంకె అప్పుడు అవసరమవుతుంది.