కోతపండుగ గంప

కోతపండుగ ఆదివారం మా గుడిలో బలిపీఠం ముందు ఏమేం పెట్టారో చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. వరి కంకుల కట్టలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, గుడ్లు, కాళ్లు కట్టేసిన కోడిపుంజు. ఆరాధన ముగిశాక ఆవరణలో వేలం. సొరకాయ సంతలో ధరకి ఎన్నో రెట్లు పలుకుతుంది, కొన్నవాళ్లు ఆనందంగా ఇంటికి తీసుకెళ్తారు.

పంట చేతికొచ్చిన ఏడు ఇదంతా తేలికే. తుపానుకి చేను పడిపోయి, నీళ్లలో నాని, కంకి మీదే గింజ మొలకెత్తిన ఏడు సంగతి వేరు. అలాంటి ఏడు కూడా కొందరు రైతులు రంగు మారిన కంకులతో వస్తారు. అవి చూసినప్పుడల్లా నాకు ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం గుర్తొస్తుంది. ప్రథమ ఫలాల గంప తెచ్చిన ఇశ్రాయేలీయుడు దేవుని సన్నిధిలో ఏం చెప్పాలో అక్కడ ఉంది. మా పితరుడు దిక్కులేక తిరిగినవాడు, ఐగుప్తులో మమ్మల్ని బాధపెట్టారు, మాతో వెట్టిచాకిరీ చేయించారు, మేం మొరపెట్టుకున్నాం. ఇంత చెప్పుకున్నాకే ఈ నేల మాటా, ఈ ఫలం మాటా. పడిన బాధను స్తుతిలోనే కలిపి చెప్పుకోమన్నాడు దేవుడు. హబక్కూకు ప్రవక్త ఇంకా ముందుకు వెళ్లాడు. చెట్టూ చేనూ దొడ్డీ ఒక్కొక్కటే తలచుకుని, ఎక్కడా ఏమీ దక్కకపోయినా సరే దేవునిలో సంతోషిస్తానన్నాడు.

మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థనకి ఇదే వరస పెట్టుకున్నాం. ముందు బరువులు. అమ్మ మోకాళ్ల నొప్పి, తీరని బ్యాంకు అప్పు, మాటలు మానేసిన తమ్ముడు. తర్వాత స్తుతులు, అవీ పేరుపేరునా. 'అన్నిటికీ వందనాలు ప్రభువా' అని పిల్లలు తొందరగా ముగించబోతే ఒప్పుకోం. మందుల షాపతను అరువిచ్చాడు, అమ్మ ఈ రోజు వీధి చివరిదాకా నడిచింది. అంత చిన్నవైనా సరే. నొప్పి అలాగే ఉంటుంది, అయితే రోజంతా అదొక్కటే జరగలేదని తెలుస్తుంది.

గుళ్లో మాత్రం ఒకటి నన్ను బాధపెడుతోంది. సాక్ష్యం చెప్పమంటే ఉద్యోగం, వీసా, కొత్త ఇల్లు వచ్చినవాళ్లే లేస్తున్నారు. పౌలు సంకెళ్లలో ఉండి ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాస్తూ కృతజ్ఞతతోనే మొదలుపెట్టాడు. ఏదీ చక్కబడని వాళ్ల సాక్ష్యం కూడా మనం వినాలి.

అలాగని ఎవరినీ బలవంతపెట్టకూడదు. కృతజ్ఞత ఎవరికి వారు ఎంచుకోవాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో 'దేవునికి స్తోత్రం చెప్పమ్మా' అనడం క్రూరం. బేతనియలో సోదరుణ్ణి పోగొట్టుకున్న మరియను యేసు అలా అడగలేదు, తానే ఏడ్చాడు. సమాధి రాయి తీశాక తండ్రికి కృతజ్ఞత చెల్లించిందీ ఆయనే. చావు జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు పక్కన కూర్చోండి, అన్నం పెట్టండి. స్తుతి వాళ్ల నోట ఎప్పుడొస్తే అప్పుడే రానివ్వండి.