నడుముతో తీసే ఫొటో

గంటకు 250 కిలోమీటర్ల వేగంతో పోయే రేసు కారు సెకనుకు దాదాపు 69 మీటర్లు దాటేస్తుంది. కెమెరా షట్టర్‌ను సెకనులో 4000వ వంతుకు పెట్టి తీస్తే, ఆ వ్యవధిలో కారు రెండు సెంటీమీటర్లు కూడా కదలదు. ఫొటో బ్రహ్మాండంగా, ఎక్కడా చెదరకుండా వస్తుంది. చూసేవాళ్లకు మాత్రం ఆ కారును ఎవరో ట్రాక్ మధ్యలో పార్కు చేసి వెళ్లినట్టు ఉంటుంది. అదే షట్టర్‌ను 60వ వంతుకు దించితే ఆ కాస్త సమయంలోనే కారు మీటరుకు పైగా ముందుకు పోతుంది. ఆ మీటరు పొడవునా లెన్సు కూడా కారుతోపాటే తిరిగిందంటే కారు నిలుస్తుంది, చుట్టూ ఉన్నదంతా చెదురుతుంది. కంచె, జనం, ప్రకటనల బోర్డులు అడ్డగీతలై సాగిపోతాయి. చక్రాల ఊచలు కరిగి గుండ్రటి మెరుపులవుతాయి. వాటి మధ్య డ్రైవరు హెల్మెట్ మాత్రం చెక్కినట్టు కనిపిస్తుంది. ఫొటోగ్రాఫర్లు ప్యానింగ్ అనే పని ఇదే. రేస్‌ట్రాక్ ఫొటోల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించే పనితనం కూడా ఇదే.

చూడటానికి వచ్చినవాళ్ల కళ్లు ముందు లెన్సు మీద పడతాయి. 400 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 టెలిఫొటో లెన్సు ఒక్కటే మూడు కిలోల దాకా తూగుతుంది, ధర లక్షల్లో ఉంటుంది. కానీ లెన్సు చేసేది దూరాన్ని దగ్గర చేయడం వరకే. మిగతాది ఒంటిపని. బాగా తీసే మనిషి కాళ్లను గమనించండి. కారు వచ్చే దిక్కుకు కాదు, షట్టర్ నొక్కబోయే చోటుకు ఎదురుగా పాదాలు ఆనించి ఉంటాడు. అక్కడి నుంచి నడుము పైభాగాన్ని మాత్రమే కారు వైపు తిప్పుతాడు. కారు దగ్గరపడేకొద్దీ ఆ మెలిక విడుతూ వస్తుంది. సరిగ్గా అనుకున్న చోటికి వచ్చేసరికి ఒళ్లు ఏ బిగువూ లేకుండా ఉంటుంది. మోచేతులు డొక్కలకు ఆనుకునే ఉంటాయి, బరువును ఒంటికాలి స్టాండు, అంటే మోనోపాడ్ మోస్తుంది. నొక్కడం అయిపోగానే చెయ్యి ఆగదు. బంతి తగిలాక కూడా బ్యాటు తన దారిన పోయినట్టు, లెన్సు కారు వెంట ఇంకా కొంతదూరం పోతుంది. నొక్కిన క్షణంలోనే చెయ్యి ఆపేసేవాళ్ల ఫొటోలు ఎందుకు చెడిపోతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

లెన్సులోని వణుకు తగ్గించే ఏర్పాటును కూడా పనికి తగ్గట్టు మార్చుకోవాలి. పక్కకు తిరిగే కదలికను అది వణుకనుకుని అడ్డుకుంటే మొత్తం పని పాడవుతుంది. అందుకే నిలువు వణుకును మాత్రమే సరిచేసే పద్ధతిని ఎంచుకుంటారు.

ఇంతకంటే సూక్ష్మమైనది నిలబడే చోటు. నేరుగా సాగే దారి పక్కన నిలబడి తీస్తే కారు ముక్కు, నడుమ, తోక మన నుంచి ఒకే దూరంలో ఉండవు. కాబట్టి మూడూ మన కంటి ముందు ఒకే వేగంతో తిరగవు. షట్టర్ బాగా నెమ్మదించినప్పుడు ఆ తేడా బయటపడుతుంది. హెల్మెట్ స్పష్టంగా ఉంటే వెనుక రెక్క మసకబారుతుంది. ఏది నిలవాలో ముందే తేల్చుకోవాలి. ఒకే సీటున్న కార్లలో అది హెల్మెట్టే కావాలని నా అభిప్రాయం, ఆ వేగంలో మనిషి ఉన్నాడని చెప్పేది అదొక్కటే కనుక. వంపులో లోపలి పక్కన, వంపు కేంద్రానికి దగ్గరగా నిలబడితే సంగతి మారిపోతుంది. అక్కడ కారు మన చుట్టూ తిరుగుతున్నట్టే లెక్క. దూరం పెద్దగా మారదు, ముక్కూ తోకా ఇంచుమించు ఒకే తీరున తిరుగుతాయి. 30వ వంతులో కూడా కారు మొత్తం నిలిచిన ఫొటో ఎక్కడైనా కనిపిస్తే, తీసిన మనిషి అలాంటి వంపును వెతికిపట్టి ఉండొచ్చు.

ఈ విద్యకు వందేళ్లు దాటాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఫ్రెంచ్ గ్రాండ్ ప్రిలో, ఇరవై ఏళ్లు నిండని జాక్ ఆన్రీ లార్టీగ్ తీసిన ఫొటో ఒకటుంది. ఆరో నంబరు కారు సగం ఫ్రేములోంచి బయటికి పోయింది. మిగిలిన చక్రం కోడిగుడ్డు ఆకారంలో ముందుకు వాలింది, రోడ్డు పక్కన జనం వెనక్కి ఒరిగారు. ఆ కెమెరాలో షట్టర్ అంటే నిలువుగా జరిగే సన్నటి చీలిక. ఫొటోలోని ఒక్కో వరుస ఒక్కో క్షణంలో పడింది. లార్టీగ్ కెమెరాను కారుతోపాటు తిప్పాడు కాబట్టి కదలని జనం వెనక్కి వాలారు. కారు అంతకంటే వేగంగా పోయింది కాబట్టి చక్రం ముందుకు సాగింది. సరిగ్గా అందుకుని ఉంటే చక్రం గుండ్రంగానే ఉండేది. 1963లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం ఆయన ఫొటోలతో ప్రదర్శన పెట్టాక ఆ పేరు ప్రపంచానికి తెలిసింది. 1962లో నూర్‌బర్గ్‌రింగ్‌లో మొదలుపెట్టిన జర్మన్ ఫొటోగ్రాఫర్ రైనర్ ష్లెగెల్మిల్ష్ మరో దారి పట్టాడు. షట్టర్ తెరిచి ఉండగానే జూమ్ తిప్పి, నడుమ కారు నిలిచి అంచులు బయటికి చిమ్మేలా తీశాడు.

మన దగ్గరి సంగతికి వస్తే, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ రేసు జరిగింది. 18 మలుపులు, దాదాపు 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్. వీధి ట్రాక్ అంటే రెండు పక్కలా కాంక్రీటు గోడలు, వాటిపైన ఇనప వల. వల వెనుక నుంచి తీయడం కూడా ఒక పనే. లెన్సును వలకు దగ్గరగా పెట్టి, వెలుగు లోపలికి వచ్చే కన్నాన్ని, అంటే అపర్చర్‌ను బాగా తెరిచి, కారు మీద ఫోకస్ పెడితే తీగలు కరిగిపోతాయి. కానీ ప్యానింగ్‌కు నెమ్మది షట్టర్ కావాలి, అంటే లోపలికి ఎక్కువ వెలుగు వస్తుంది. మిట్ట మధ్యాహ్నం 100 ఐఎస్‌ఓ దగ్గర 25వ వంతులో తీయాలంటే అపర్చర్‌ను ఎఫ్ 32 దాకా మూసేయాలి. అప్పుడు వల మళ్లీ తేలుతుంది, పదునూ పోతుంది. వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెడితే ఎఫ్ 11కు రావచ్చు. మరింత ముదురు ఫిల్టర్‌తో ఇంకా తెరవచ్చు. ఇలా వల, వెలుగు, వేగం మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటే, మధ్యలో ఒక అంకె దగ్గర రాజీ కుదర్చడమే అనుభవం.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి నడుస్తున్న ట్రాక్‌లో ఎండ మరో అడ్డంకి. కాగిన తారు మీద గాలి అల్లాడుతుంటే, దూరం నుంచి ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా కారు నీళ్లలో చూసినట్టే వస్తుంది. ఆ వేళలో దూరపు ఫొటోలు మానుకుని, దగ్గరి వంపు దగ్గరికి పోవడమే తెలివి.

దీనికోసం పెద్ద లెన్సు కొనే దాకా ఆగనక్కర్లేదు. 70-200 జూమ్ ఉంటే చాలు. హైవేకు బాగా ఎడంగా, భద్రమైన చోట నిలబడి ఆర్టీసీ బస్సుల మీద మొదలుపెట్టండి. ముందు 250వ వంతు, చెయ్యి కుదిరాక 125, తర్వాత 60. బస్సు నంబరు చదవగలిగేలా వచ్చి, వెనక చెట్లు గీతలైన రోజున రేసుకు టికెట్ కొనుక్కోండి.