నులక మంచం, ఆరో నంబరు

మా తాతయ్య నులక మంచం అల్లుతుంటే తాడు ఉండ పట్టుకుని కూర్చోవడం చిన్నప్పుడు నా పని. ఉన్నదంతా ఒకటే తాడు. పట్టె చుట్టూ తిరిగి వెనక్కొచ్చి, ఒకచోట తన మీంచి తనే దాటి, ఇంకోచోట తన కిందనుంచి తనే దూరి, మంచమంతా పరుచుకునేది. తాడు వెంట కొలిస్తే పది బారల ఎడం ఉన్న రెండు చోట్లు, అల్లిక పూర్తయ్యేసరికి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉండేవి. వదులైన చోట వేలు పెట్టి, ఎటు లాగితే ఎక్కడ బిగుస్తుందో తాతయ్య చూపించేవాడు. బిగిసేది ఎప్పుడూ ఆయన లాగిన చోట కాదు.

ప్రొటీన్ కూడా అలాంటి ఒకటే తాడు. ఇరవై రకాల అమైనో ఆమ్లాలు వరసగా గుచ్చుకుని గొలుసవుతాయి. గుచ్చుకునేటప్పుడు నీటి అణువు ఒకటి విడిపోతుంది. గొలుసులో మిగిలినదాన్ని రెసిడ్యూ అంటాం. ఆ గొలుసు ముడుచుకుని తన ఆకారానికి వచ్చాక ఏ రెసిడ్యూ పక్కన ఏది చేరింది, ఎంత దగ్గరగా చేరింది, ఎందుకు చేరిందని చూడటం ఇన్నేళ్లుగా నా పని. ప్రయోగశాలలో దీన్ని కాంటాక్టులు చూడటం అంటాం.

కొలవడం కష్టం కాదు. ప్రతి పరమాణువు ఎక్కడుందో మూడు అంకెల్లో రాసి ఉంటుంది. రెండింటి మధ్య దూరం కంప్యూటర్ క్షణంలో చెబుతుంది. కానీ ఆ రెండూ తాకుతున్నాయా అని అడిగితే జవాబు దాని దగ్గర లేదు. ఎంత దూరంలోపు ఉంటే తాకినట్టో ముందు మనమే చెప్పాలి. ఈ దూరాలకు ఆంగ్‌స్ట్రామ్ కొలమానం. మిల్లీమీటరులో కోటో వంతు. కొందరు ప్రతి రెసిడ్యూ నుంచి దాని నడి పరమాణువైన ఆల్ఫా కార్బన్ ఒక్కటే తీసుకుని, రెండు ఆల్ఫా కార్బన్ల మధ్య 7 లేదా 8 ఆంగ్‌స్ట్రాముల లోపు ఉంటే కాంటాక్ట్ అంటారు. ఇంకొందరు హైడ్రోజన్‌ను వదిలేసి, ఏ రెండు పరమాణువులైనా 4.5 లోపు ఉంటే చాలంటారు. రెండు కొలతలూ పెట్టి ఒకే ప్రొటీన్‌ను చూస్తే రెండు వేర్వేరు జాబితాలు వస్తాయి. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లానికి ఆ కార్బన్ నుంచి పక్కకు సాగే పక్క గొలుసు పొడవు. దాని ఆల్ఫా కార్బన్ ఎంతో దూరంగా ఉన్నా, చాచిన చేతి కొసతో అవతలి గ్లుటామిక్ ఆమ్లాన్ని పట్టుకుని ఉండొచ్చు. మొదటి కొలతకు ఆ పట్టు కనిపించదు. అలాగే 6 ఆంగ్‌స్ట్రాముల్లో ఉన్న రెండు రెసిడ్యూలు చెరో పక్కకు తిరిగి, ఒకదానికొకటి ఏమీ కాకుండా ఉండొచ్చు. మొదటి కొలత వాటిని జతకట్టేస్తుంది.

వరసలో పక్కపక్కనే ఉన్న రెసిడ్యూల ఆల్ఫా కార్బన్లు ఎలాగూ 3.8 ఆంగ్‌స్ట్రాముల్లోనే ఉంటాయి. తాడులో పక్క పోగులాంటివవి. వాటిని లెక్కలోంచి తీసేస్తాం. మిగిలిన జంటలను, అడ్డంగానూ నిలువుగానూ రెసిడ్యూల నంబర్లు వేసిన గళ్ల కాగితం మీద చుక్కలుగా పెడితే మొత్తం ముడత కళ్లముందుకొస్తుంది. ఆల్ఫా హెలిక్స్ ఉన్నచోట మూలగీతను అంటిపెట్టుకుని దళసరి పట్టీ కనిపిస్తుంది. ఎదురెదురు దిశల్లో నడిచే బీటా పేటలు ఆ గీతకు అడ్డంగా చుక్కల బారు వేస్తాయి. నాకు మాత్రం వీటికి దూరంగా, మూలన ఒంటరిగా పడ్డ చుక్కలంటే ఇష్టం. తాడులో బారల ఎడం ఉండి, మంచంలో ఒరుసుకునే జంటలవి.

దూరానికి హద్దు ఎక్కడ గీయాలన్న ప్రశ్నకు మన పక్కనే ఒక పెద్ద చరిత్ర ఉంది. 1950లలో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కొల్లాజెన్‌కు మూడు పేటల నమూనా ఒకటి ప్రతిపాదించారు. అందులో కొన్ని పరమాణువులు మరీ దగ్గరగా వచ్చేశాయని ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ అభ్యంతరం చెప్పారు. రామచంద్రన్ దాన్ని వాదనగా వదిలెయ్యలేదు. అసలు పరమాణువులు ఎంత దగ్గరకు రాగలవో, అప్పటికి తెలిసిన స్ఫటిక నిర్మాణాలన్నీ ముందేసుకుని తన బృందంతో వెతికారు. రెండు కార్బన్ల మధ్య మామూలుగా 3.2 ఆంగ్‌స్ట్రాములు, తప్పనిసరైతే 3.0, రెండు హైడ్రోజన్ల మధ్య 2.0, తప్పనిసరైతే 1.9. ఇలా జంటజంటకూ రెండేసి హద్దులు పెట్టారు. ఆ హద్దుల మీదే 1963లో సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి, గొలుసు ఏయే మలుపులు తిరగగలదో చూపే రామచంద్రన్ పటం గీశారు. ఈ రోజుకీ ప్రపంచంలో ఎక్కడ కొత్త ప్రొటీన్ నిర్మాణం తేలినా ముందు ఆ పటంతో సరిచూస్తారు. ఒక అభ్యంతరానికి జవాబు వెతుకుతూ ఇంత దూరం వెళ్లిన ఆ ఓపిక ముందు నాకెప్పుడూ తల వంచాలనిపిస్తుంది.

నా ఓపిక మాత్రం ఒకసారి చాల్లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన రోజులవి. సికిల్ సెల్ హిమోగ్లోబిన్ నిర్మాణం 2.05 ఆంగ్‌స్ట్రాముల స్పష్టతతో 1997లో వెలువడింది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో, విశాఖ మన్యంలో ఎన్నో ఇళ్లను వేధించే జబ్బు సికిల్ సెల్. దాని వెనకున్నది అణువులోని తేడాయేనని లైనస్ పౌలింగ్ బృందం 1949లో చూపించింది. తేడా ఒకే ఒక్క రెసిడ్యూలో ఉందని 1957లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చారు: బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్. (ఇప్పటి జన్యు పరీక్షల రిపోర్టుల్లో ఇదే 7 అని కనిపిస్తుంది, జన్యువులో మొదట రాసి ఉన్న మెథియోనిన్‌ను కూడా లెక్కపెడతారు. నంబరు మారిందని కంగారు పడిన వాళ్లను చూశాను.) మామూలు హిమోగ్లోబిన్‌ను, దీన్ని పక్కపక్కన పెట్టి, బీటా గొలుసు లోపలి కాంటాక్టులన్నీ రెండింటికీ తీశాను. 146 రెసిడ్యూల గొలుసు. రెండు జాబితాలూ దాదాపు ఒకటే. ఆరో నంబరు అణువు పైపొరలో నీటి వైపు తిరిగి ఉంది. గ్లుటామిక్ ఆమ్లమైనా వాలీనైనా లోపలివాళ్లతో దానికి పెద్ద పనిలేదు. చెప్పుకోదగ్గ తేడా లేదని నోట్‌బుక్‌లో రాసి మా గురువుగారికి చూపించాను.

ఆయన కాగితం తిరగేసి, "పక్క అణువును చూశావా అమ్మా?" అన్నారు.

చూడలేదు. నేను రాసిన ప్రోగ్రాం ఒక గొలుసు దాటి చూడదు. అదే ఫైల్లో ఆల్ఫా, బీటా కలిపి నాలుగేసి గొలుసుల హిమోగ్లోబిన్ అణువులు రెండున్నాయి. ఆ రాత్రి కూర్చుని అన్ని గొలుసులకూ కలిపి మళ్లీ తీశాను. ఒక అణువు తాలూకు ఆరో వాలీన్, పక్క అణువు బీటా గొలుసులో 85వ ఫినైల్‌ఎలనీన్‌కూ 88వ ల్యూసీన్‌కూ మధ్యనున్న గుంటలో దిగి ఉంది. మూడూ నీటిని ఇష్టపడనివే. అక్కడ గ్లుటామిక్ ఆమ్లం ఉండి ఉంటే దాని రుణావేశం ఆ గుంటలోకి దిగనిచ్చేది కాదు. ఆ ఒక్క కాంటాక్ట్‌తో అణువు పక్కన అణువు పేరుకుని 14 పేటల తాడవుతుంది. ఎర్ర రక్తకణం లోపల ఆ తాళ్లు పెరిగి కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. జబ్బంతా గొలుసుకూ గొలుసుకూ మధ్య ఉంటే, నేను గొలుసు లోపల వెతికాను.

ఆ గుంట అన్ని వేళలా తెరిచి ఉండదు. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌లోనే వాలీన్‌కు చోటు దొరుకుతుంది. ఆక్సిజన్ పట్టుకున్నప్పుడు అణువు ఆకారమే మారిపోతుంది: ఒక ఆల్ఫా-బీటా జంట రెండో జంట మీద దాదాపు 15 డిగ్రీలు తిరుగుతుంది, బీటా గొలుసు చివర 146వ హిస్టిడిన్ 94వ అస్పార్టిక్ ఆమ్లాన్ని పట్టుకున్న లవణ బంధం తెగుతుంది. ఇలాంటి బంధాలు తెగడం, కలవడంలోనే హిమోగ్లోబిన్ ఊపిరి ఉందని 1970లో మాక్స్ పెరుట్జ్ వివరించారు. ఒక స్థితిలో తీసిన కాంటాక్టుల జాబితా ఆ స్థితికే చెల్లుతుందని నాకు ఒంటబట్టింది అది చదివాకే.

ఈమధ్య కంప్యూటర్ ప్రొటీన్ ఆకారాన్ని వరస చూసి చెప్పేస్తోంది. 2024 రసాయన శాస్త్ర నోబెల్‌లో సగం, అలా చెప్పే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రాం చేసినవాళ్లకే దక్కింది. దానికి దారి వేసిన ఆలోచన కాంటాక్టులదే. ఆనుకుని ఉన్న రెండింట్లో ఒకటి మారితే, పరిణామంలో రెండోదీ సర్దుకుంటుంది. వేల జీవుల్లో ఒకే ప్రొటీన్ వరసలను పోల్చి, జతగా మారుతున్న స్థానాలను పట్టుకుంటే, ఎవరి పక్కన ఎవరున్నారో చూడకుండానే ఊహించొచ్చు. నాకిది ఎంతో సంతోషం. అయినా పిల్లలకు మొదటి నెల జాబితాలు తీయనివ్వను. తెర మీద అణువును తిప్పి, ఒక్కో జంట దగ్గర ఆగి, అవి ఎటు తిరిగి ఉన్నాయో, మధ్యలో నీరుందో లేదో, ఏ గొలుసువో రాయమంటాను. నిర్మాణంలో ఒక్కోచోట రెసిడ్యూ తాలూకు పక్క గొలుసు సరిగా కనిపించక, రెండు స్థానాలూ రాసి పెట్టి ఉంటాయి. అదీ రాయాలి.

పోయిన వారం ఒక అమ్మాయికి అదే 1997 ఫైలు ఇచ్చాను. పాడేరు వైపు పిల్ల. వాళ్ల మేనమామ కొడుకుకు ఈ జబ్బుంది. పుట్టిన మొదటి నెలల్లో వాడు బాగానే ఉన్నాడట. "అప్పుడెందుకు రాలేదు మేడమ్?" అని అడిగింది. చంటిపిల్లల్లో బీటా గొలుసు స్థానంలో ఎక్కువగా గామా గొలుసు ఉంటుందని, అందులో ఆరో స్థానంలో ఈ వాలీన్ లేదని చెప్పాను. ఈ జబ్బుకు హైడ్రాక్సీయూరియా మందు ఎందుకు వాడతారని మళ్లీ అడిగింది. హైడ్రాక్సీయూరియా ఆ గామా గొలుసునే మళ్లీ కొంత తయారయ్యేలా చేస్తుంది. కానీ వాలీన్ ఉన్న గొలుసు పక్కనే ఉండగా అది తాడును ఎలా అడ్డుకుంటుంది? జవాబు చెప్పకుండా, గుంట అంచున 87వ స్థానం చూడమన్నాను. బీటాలో అక్కడ థ్రియోనిన్, గామాలో గ్లుటమిన్.

ఆ అమ్మాయి అణువును మెల్లగా తిప్పి 85కూ 88కూ మధ్య ఆగింది. 87ను ఎంచుకుని థ్రియోనిన్ తీసేసింది, గ్లుటమిన్ పెట్టింది. పక్క అణువుకూ దానికీ మధ్య దూరాలు మొదటినుంచి కొలవడం మొదలుపెట్టింది.