పల్నాటి ఎండా, పెరటి మల్లె

వేసవి వార్తల్లో రెంటచింతల పేరు వినపడితే మా పల్నాటి వాళ్లకు ఆశ్చర్యం ఉండదు. ఎండల్లో ఆ ఊరిది పెద్దపేరు. మాచర్ల నాపరాళ్లు పరిచిన వాకిళ్లు మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంటాయి. ఆ ఎండకే మా పెరట్లో మల్లె విరగబూస్తుంది.

దానంతటది పూయదు లెండి. చలి తగ్గకముందే నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాలి. చూసేవాళ్లకు మొక్కను చంపేసినట్టే ఉంటుంది. తర్వాత ఎరువేసి నీరు పెడితే కొత్త చిగురు, ఆ చిగురు కొసన మొగ్గ.

అసలు పనితనం మాల కట్టడంలో ఉంది. మా అత్తయ్య సాయంత్రం నాలుగింటికి తెల్లబడ్డ మొగ్గల్నే కోస్తుంది. పచ్చగా ఉన్నవి రేపటికి. అరటినార తడిపి, ఒక కొస కాలి బొటనవేలికి చుట్టి, రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, కాడలు ఎదురెదురుగా పెట్టి ఒక్క మెలిక. బిగిస్తే కాడ తెగుతుంది, వదిలితే మొగ్గ జారుతుంది. ఆవిడ వేళ్లకేసి చూడనైనా చూడదు, కబుర్లాడుతూనే మూర పూర్తిచేస్తుంది. మధ్యమధ్య మరువం రెమ్మ, ఉంటే నాలుగు కనకాంబరాలు. దారంతో కట్టిన బజారు మాల నా కంటికి ఆనదు.

డాబా మీద నీళ్లు చల్లి మంచాలు వేసేసరికి మొగ్గలన్నీ విచ్చుకుంటాయి. జడలో పెట్టుకోగా మిగిలినవి మంచినీళ్ల కుండ మీదికి.

మీ పెరట్లో మల్లె ఉంటే ఈసారి సంక్రాంతి వెళ్లగానే ఆకు దూయడం మరిచిపోకండి.