తార్నాక రసాయనం, గుండె దాకా

మెట్టుగూడలో మెట్రో ఎక్కి నాగోలు వైపు పోతే తర్వాతి స్టేషన్ తార్నాక, ఆ తర్వాతిది హబ్సిగూడ. ఉప్పల్ రోడ్డు మీద ఈ కొద్దిపాటి దూరంలోనే ఐఐసీటీ, సీసీఎంబీ రెండూ ఉన్నాయి. ఒకటి రసాయన శాస్త్రానిది, ఇంకొకటి జీవకణాలది. గేట్లు వేరు, బోర్డులు వేరు, పుట్టుక మాత్రం ఒక్కటే. 1944లో హైదరాబాదు సంస్థానం పెట్టిన పరిశోధనశాల 1956లో సీఎస్ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి) చేతికి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాల అయింది. పాతవాళ్ళు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అనే అంటారు. 1989లో దాని పేరు ఐఐసీటీగా మారింది. అంతకు ముందే, 1977లో, అక్కడి జీవరసాయన విభాగం బీజంగా సీసీఎంబీ మొదలైంది. మొదలుపెట్టినాయన పుష్ప మిత్ర భార్గవ. ఆయన పీహెచ్‌డీ చేసింది జీవశాస్త్రంలో కాదు, సింథటిక్ ఆర్గానిక్ కెమిస్ట్రీలో.

దీన్ని కాకతాళీయం అనుకోలేను. కణం లోపల జరిగేదంతా చివరికి అణువుల బేరమే. అణువును తన చేత్తో కట్టి, విప్పి చూసినవాడికి ఆ బేరం తొందరగా అర్థమవుతుంది. ఈ రోడ్డు మీద డెబ్బై ఏళ్ళకు పైగా సాగుతున్న ఆర్గానిక్ కెమిస్ట్రీ సంప్రదాయం విలువ అక్కడుంది. మన పత్రికలు జన్యువుల గురించి రాసినంతగా ఫ్లాస్కుల గురించి రాయవు. వాసనొచ్చే పాత పని అని ఒక చిన్నచూపు.

ఆ పని ఎలా ఉంటుందో చూద్దాం. కావలసిన అణువు బొమ్మ ముందు కాగితం మీద గీస్తారు. తర్వాత వెనక్కి నడుస్తారు. ఈ బంధం తెంపితే ఏ రెండు ముక్కలొస్తాయి, ఆ ముక్క దేనితో తయారవుతుంది, అది బజారులో దొరుకుతుందా? ఇలా చివరి నుంచి మొదటికి ఆలోచించే పద్ధతికి శాస్త్రరూపం ఇచ్చినందుకే హార్వర్డ్‌లోని ఈ.జె. కోరీకి 1990లో నోబెల్ వచ్చింది. ఆయన దగ్గర 70లలో పనిచేసినవాడు గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు. పుణెలోని జాతీయ రసాయనశాలలో పేరు తెచ్చుకుని, 1985లో తార్నాకకు డైరెక్టరుగా వచ్చారు.

కాగితం మీద గీసింది ఫ్లాస్కులో జరగాలి కదా. పొద్దున రియాక్షన్ పెడతారు. గంటకోసారి సన్నని గొట్టంతో చుక్క తీసి, సిలికా పూసిన చిన్న పలక మీద పెట్టి, ద్రావకంలో నిలబెట్టి, అతినీలలోహిత దీపం కింద చూస్తారు. మొదటి పదార్థం మచ్చ చిక్కిపోతూ కొత్త మచ్చ కనబడుతుంటే పని నడుస్తున్నట్టు. ఆగిపోయాక వర్కప్ (కడిగి వేరుచేయడం), ఆపైన కాలమ్. నిలువు గాజుగొట్టం నిండా సిలికా పోసి, పైనుంచి మిశ్రమాన్ని, ద్రావకాన్ని వదులుతారు. జాతరలో ప్రతి దుకాణం దగ్గరా ఆగేవాడు వెనకబడ్డట్టు, సిలికాను అంటుకునే అణువు ఆలస్యంగా దిగుతుంది, అంటనిది ముందే బయటపడుతుంది. గొట్టాల్లో పట్టుకున్న వాటిని ఆవిరి చేసి, మిగిలిన పొడిని ఎన్ఎంఆర్ యంత్రంలో పెట్టి, అనుకున్న అణువేనా అని తేల్చుకుంటారు. తేలకపోతే మళ్ళీ మొదటికి. ఇరవై మెట్ల సింథసిస్‌లో మెట్టుమెట్టుకూ 80 శాతం చేతికొచ్చినా, చివరికి మిగిలేది ఒక్క శాతం చిల్లర. అందుకే ఒక మెట్టు తగ్గించినవాడికి ఈ లోకంలో అంత గౌరవం.

ఈ సంప్రదాయం ఏం చేసిందో చూడ్డానికి ఒక్క ఆకారం వెంట నడిస్తే చాలు. ఆరు మూలల వలయం, అందులో రెండు మూలల్లో నత్రజని, మిగతా నాలుగింటా కార్బన్. పేరు పిరిమిడిన్. డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో రెండు, అంటే థైమిన్, సైటోసిన్, ఈ వలయం మీద కట్టినవే.

ఈ వలయం వెంట పోతే మొదట కనబడేది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన హార్వర్డ్‌లో సహపరిశోధకుడు ఫిస్క్‌తో కలిసి కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని బయటపెట్టారు. గుండె ప్రతి కొట్టుడుకూ ఖర్చుపెట్టేది ఈ ఏటీపీనే. గుండె నీరసించినప్పుడు ఈ రెండింటి నిష్పత్తి తగ్గుతుందని ఇవాళ స్కానింగులో కొలవగలుగుతున్నారు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. దాన్ని కొద్దిగా మార్చి చేసిన అమినోప్టెరిన్‌తోనే వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1947-48లో పిల్లల రక్తక్యాన్సర్‌ను మొదటిసారి వెనక్కి తగ్గించాడు. ఫోలిక్ యాసిడ్‌కు ఒక చివర ఉన్న జంట వలయంలో ఒకటి పిరిమిడినే.

ఇక భార్గవ. 1950లో హైదరాబాదు వచ్చినప్పుడు ఇక్కడి పరిశోధనశాలకు పెద్ద సయ్యద్ హుస్సేన్ జహీర్. 1953లో భార్గవ అమెరికాలోని మేడిసన్ నగరానికి, చార్లెస్ హైడెల్‌బర్గర్ దగ్గరికి వెళ్ళారు. ఆ ప్రయోగశాల నుంచే 1957లో 5-ఫ్లోరోయురాసిల్ వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కు నేటికీ వాడుతున్న మందు అది. అందులోని యుక్తి అచ్చంగా ఆర్గానిక్ కెమిస్టుదే. యురాసిల్ ఒక పిరిమిడిన్. కణం దాని అయిదో మూలనున్న హైడ్రోజన్‌ను తీసేసి మిథైల్ తగిలిస్తే థైమిన్ అవుతుంది. హైడ్రోజన్ స్థానంలో ఫ్లోరిన్ పెడితే ఎంజైము మోసపోయి పట్టుకుంటుంది. ఫ్లోరిన్ ఊడదు, ఎంజైము అక్కడే ఇరుక్కుపోతుంది. థైమిన్ లేక కణం విభజన ఆగుతుంది. రామారావు నాయకత్వంలో ఐఐసీటీ తయారీ పద్ధతి కనిపెట్టి సిప్లాకు అందించిన ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ కూడా థైమిన్ వేషం వేసుకున్నదే. వైరస్ దాన్ని తన గొలుసులో కలుపుకుంటుంది, ఆపైన మరో కొక్కెం తగిలించే చోటు ఉండదు.

ఇవన్నీ విభజనను ఆపే మందులు. గుండె అడిగేది దీనికి తలకిందులు.

గుండెపోటులో వంద కోట్ల దాకా కండర కణాలు చచ్చిపోతాయి. ఇంటివాళ్ళు గండం గడిచిందంటారు, కానీ పోయిన కండ రాదు, అక్కడ మచ్చ మిగులుతుంది. ఎలుక కాలేయంలో మూడింట రెండొంతులు కోసినా కొద్ది రోజుల్లో పూర్వపు పరిమాణానికి పెరుగుతుంది. గుండెకు ఆ గుణం లేదు. అసలే లేదా అన్న ప్రశ్నకు 2009లో స్వీడన్ శాస్త్రజ్ఞులు చక్కని దారి వెతికారు. 1963 దాకా జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 మన డీఎన్ఏలోకీ చేరింది. దాన్ని కొలిచి గుండె కణాల వయసు లెక్కగట్టారు. పాతికేళ్ళ మనిషిలో ఏడాదికి ఒక శాతం, డెబ్బై అయిదేళ్ళకు అర శాతం కంటే తక్కువ కణాలు కొత్తవి వస్తాయి. ఉంది, కానీ చాలదు. మన దేశపు వాగుల్లో తిరిగే జీబ్రా చేప మాత్రం గుండె గదిలో 20 శాతం కోసినా రెండు నెలల్లో తిరిగి పెంచుకుంటుందని 2002లో తేలింది. పుట్టిన రోజున ఎలుకపిల్లకూ ఆ శక్తి ఉంటుంది, వారానికల్లా పోతుంది. ఇది 2011లో తేలింది.

పోయిన శక్తిని రప్పించే తాళంచెవి జన్యువుల్లోనే ఉందని చాలామంది నమ్మారు. నేను మాత్రం రసాయనం వైపు మొగ్గుతాను, దానికి కారణముంది. 2019లో పందుల గుండెల్లోకి కణవిభజనను ఉసిగొల్పే ఒక సూక్ష్మ ఆర్ఎన్ఏ జన్యువును వైరస్ ద్వారా పంపారు. మచ్చ తగ్గింది, గుండె బలపడింది. ఆపైన, విభజన ఆగక, చాలా పందులు గుండె లయ తప్పి హఠాత్తుగా చచ్చిపోయాయి. లోపలికి పంపిన జన్యువును వెనక్కి పిలవలేం. మాత్ర అయితే ఆపేయొచ్చు, మోతాదు తగ్గించొచ్చు.

చిన్న అణువుల బలం 2012లో అదే మేడిసన్‌లో బయటపడింది. మూలకణాలకు మొదట ఒక రసాయనం, రెండు మూడు రోజుల తర్వాత దానికి ఎదురుగా పనిచేసే ఇంకొకటి, వేళ చూసి ఇచ్చారు. రెండు వారాల లోపే గిన్నెలోని కణాలు గుండెలా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. మొదట ఇచ్చిన దాని పేరు చిర్-99021. దాని బొమ్మ గీసి చూడండి, నడుమ పిరిమిడిన్ వలయమే. 2016లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు తొమ్మిది రసాయనాలతో మనిషి చర్మకణాలనే గుండెకణాల్లాంటివిగా మార్చారు. ఇంతా చేసి, మనిషి గుండె కండను తిరిగి పెంచే మాత్ర ఏదీ ఇంకా మందుల షాపుకు చేరలేదు. కోతి గుండెలో నాటిన కణాలు కూడా లయను తప్పించాయి. గుండెకే చేరి, అవసరమైనన్నాళ్ళే పనిచేసి, ఒంట్లోంచి వెళ్ళిపోయే అణువు కావాలి. దాన్ని కట్టాల్సింది ప్లేటు మీద మచ్చలు చూసే చేతులే.

భార్గవ 2017 ఆగస్టు 1న హైదరాబాదులోనే కన్నుమూశారు. రసాయనం నుంచి జీవశాస్త్రానికి ఆయన దాటిన వంతెన మీద ఇప్పుడు నడిచేవాళ్ళు తక్కువ. ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదివిన మన పిల్లలకు ఫార్మా కంపెనీ ఉద్యోగమే గమ్యం, జీవశాస్త్రం చదివినవాళ్ళు ఫ్లాస్కు ముట్టరు. ఒకే రోడ్డు మీద ఉన్న రెండు సంస్థల విద్యార్థులు ఒక ఏడాది ఒకరి ప్రయోగశాలలో ఒకరు పనిచేసే ఏర్పాటు పెద్ద ఖర్చు కాదు. విశ్వవిద్యాలయాలు కూడా అలాంటి కోర్సు పెట్టాలి. సెప్టెంబరు 26 సీఎస్ఐఆర్ స్థాపన దినం. ఆ సందర్భంగా ప్రయోగశాలలు ప్రజలకు తలుపులు తెరిచినప్పుడు మీ ఇంట్లో సైన్సు చదివే పిల్లలుంటే తీసుకెళ్ళండి. సూక్ష్మదర్శినిలో కణాలు చూపించాక, కాలమ్ ఎలా వేస్తారో కూడా చూపించమని అడగండి.