పక్కవాద్యంలో పండిన చేయి

పాటకచేరీల్లో గాయకుల వెనక కీబోర్డు వాయిస్తూ పెరిగినవాణ్ని. అందుకే ఏ కీబోర్డు కళాకారుడి గురించి విన్నా నాకు మొదట వచ్చే సందేహం ఒకటే: ఈయన ఎవరికి పక్కవాద్యం వాయించాడు? స్మూత్ జాజ్‌కి పెద్దదిక్కుగా చెప్పుకునే బాబ్ జేమ్స్ విషయంలో ఆ జవాబు జాజ్ గాయని సారా వాన్. 1960ల్లో కొన్నేళ్లపాటు ఆయన ఆమెకు పియానో వాయించాడు, సంగీత దర్శకుడిగానూ ఉన్నాడు. మంద్రంలో తిరుగుతున్న ఆ గొంతు ఎప్పుడు తారస్థాయికి ఎగురుతుందో ముందుగా చెప్పడం కష్టం. అలాంటి గాయని వెనక కూర్చున్నవాడు తన ప్రతాపం చూపబోతే పాట చెడుతుంది. మరీ తగ్గిపోతే ఆమెకు ఆసరా ఉండదు. మన కచేరీల్లో ఫిడేలు విద్వాంసుడు ఆలాపన వెంటే నడుస్తూ, గాయకుడు ఆగినచోట రాగాన్ని నిలబెట్టి ఉంచుతాడే, అచ్చం అలాంటి బాధ్యత అది.

జేమ్స్ 1939లో అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలోని మార్షల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో సంగీతం చదివాడు. 1962లో ఒక కాలేజీ జాజ్ ఉత్సవంలో ఆయన వాయిస్తుంటే విన్న సంగీత నిర్మాత క్విన్సీ జోన్స్ మొదటి ఆల్బమ్‌కి దారి చూపాడు. ఆ తర్వాత వచ్చిన 1965 నాటి ఆల్బమ్ ‘ఎక్స్‌ప్లోజన్స్’ మాత్రం వింటే ఆయనదంటే నమ్మబుద్ధి కాదు. టేపు మీది ఎలక్ట్రానిక్ శబ్దాలు, తాళానికి లొంగని పియానో, అంతా అల్లకల్లోలం. స్మూత్ జాజ్ అంటే లిఫ్టుల్లో వినిపించే సంగీతమే కదా అని చులకన చేసేవాళ్లకు నేను ముందు ఈ రికార్డు పెడతాను. అంత అలజడి పుట్టించగల మనిషి నెమ్మదిని కోరి ఎంచుకున్నాడని అప్పుడు తెలుస్తుంది.

1970ల్లో క్రీడ్ టేలర్ నడిపిన సీటీఐ రికార్డు కంపెనీలో ఆయన అరేంజర్‌గా పనిచేశాడు. రాబర్టా ఫ్లాక్ పాడిన ‘ఫీల్ లైక్ మేకిన్ లవ్’లో కీబోర్డు ఆయనదే. అదే ఏడాది, 1974లో వచ్చిన సొంత ఆల్బమ్ ‘వన్’లో ఆ పాటనే గాత్రం లేకుండా వాయించాడు. రెండూ వెంటవెంటనే విని చూడండి. పాడే మనిషి లేకపోయినా, ఆమె ఊపిరి తీసుకునే తావులు ఆ వాయింపులో ఉన్నట్టే నాకు వినిపిస్తాయి.

అప్పుడు ఆయన చేతికింద ఉన్నది ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి లేచి సన్నటి లోహపు పుల్లను కొడుతుంది. ఆ పుల్ల అదురును ఎదురుగా ఉన్న పికప్ అందుకుని యాంప్లిఫయర్‌కి పంపుతుంది. మెత్తగా తాకితే గంట మోగినట్టు గుండ్రంగా పలుకుతుంది, గట్టిగా కొడితే గరగరమంటుంది. వేలి బరువులో పిసరంత తేడా వచ్చినా దాచదు. సారా వాన్ వెనక మెత్తబడ్డ చేతికి ఇంతకంటే తగిన వాయిద్యం దొరకదు.

‘వన్’లో చిట్టచివరిది ‘నాటిలస్’. గ్యారీ కింగ్ బేస్, ఇద్రీస్ మహమ్మద్ డ్రమ్స్ బండి లాగుతుంటే రోడ్స్ నాలుగు స్వరాలు వేసి తప్పుకుంటుంది. ఆల్బమ్ అడుగున పడున్న ఈ బాణీని పదేళ్లు దాటాక హిప్‌హాప్ కుర్రాళ్లు వెతికి పట్టుకుని తమ పాటల కింద వాడుకున్నారు. ర్యాపర్ స్లిక్ రిక్ పాట ‘చిల్డ్రన్స్ స్టోరీ’ కింద నడిచేది అదే. 1975 నాటి ‘టూ’ ఆల్బమ్‌లోని గంటల మోత ర్యాప్ బృందం రన్-డీఎంసీ పాట ‘పీటర్ పైపర్’లోకి వెళ్లింది. ఇది కేవలం అదృష్టమంటే ఒప్పుకోను. ఊపిరాడకుండా స్వరాలు కుక్కిన సంగీతం మీద ఎవరూ మాట పెట్టలేరు. తను ఎన్నడూ చూడని గొంతులకు సైతం జేమ్స్ ముందే చోటు వదిలి ఉంచాడు.

‘టాక్సీ’ టీవీ సీరియల్‌కి ఇచ్చిన ‘ఏంజెలా’ ఆయన్ని ఇంటింటికీ చేర్చింది. గ్రామీలూ వచ్చాయి. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది 1990లో జరిగింది. ‘గ్రాండ్ పియానో క్యాన్యన్’ ఆల్బమ్‌కి తనే పిలిచిన గిటారిస్టు లీ రిటెనౌర్, బేస్ వాయించే నేథన్ ఈస్ట్, డ్రమ్మర్ హార్వే మేసన్‌లతో కలిసి ఫోర్‌ప్లే అనే బ్యాండు కట్టాడు. బాబ్ జేమ్స్ అని రాస్తే టికెట్లు అమ్ముడుపోయే రోజుల్లో నలుగురిలో ఒకడయ్యాడు. గిటారిస్టులు మారారు, బ్యాండు దశాబ్దాలు నిలిచింది. నాయకుడు తన వంతు తగ్గించుకుంటే మిగతావాళ్లు ఎంత బాగా వాయిస్తారో వాళ్ల రికార్డుల్లో గిటారు సోలో వచ్చినప్పుడల్లా వినొచ్చు. పియానో ఒక్క కార్డ్ అందించి, గిటారు మాట పూర్తయ్యేదాకా ఆగుతుంది.

ఈమధ్య పిల్లలు కీబోర్డు కొనగానే వేగంగా వాయించే వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. వేగం రావాల్సిందే, అభ్యంతరం లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు మాత్రం మొదటి పాఠంగా రాబర్టా ఫ్లాక్ పాట ఇస్తాను. ఒక కాగితం ఇచ్చి, కీబోర్డు ఏయే మాటల దగ్గర ఆగిందో రాసుకుని రమ్మంటాను.