గోడ కట్టేముందు నేల

“అన్నా, కొండాపూర్ దాటాక ఒక షెడ్డు దొరికింది. లోపల నలభై అడుగుల ఎత్తుంది!” అన్నాడు ఫోన్లో, మాతో ఆదివారాలు గుట్టలెక్కడానికి వచ్చే కుర్రాడు. అతనూ అతని స్నేహితురాలూ ఉద్యోగాలు మానేసి హైదరాబాద్‌లో ఇండోర్ క్లైంబింగ్ వాల్ పెట్టాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నారు. అడ్వాన్సు అప్పుడే ఇవ్వొద్దన్నాను.

ఆ ఎత్తే నన్ను భయపెట్టింది. ఎత్తు గోడకు తాడు కావాలి, కింద ఆ తాడు పట్టి బిలే చేసే మనిషి కావాలి. ఒంటరిగా వచ్చిన కస్టమర్‌కి ఆ మనిషిని మనమే చూపించాలి. లేదంటే ఆటో బిలే యంత్రం బిగించాలి. ఒక్కో యంత్రం లక్ష రూపాయలు దాటుతుంది. పైగా ఏటా దాన్ని విప్పి, తయారీదారు ఒప్పుకున్న చోట తనిఖీ చేయించాలి. అది తిరిగొచ్చేదాకా ఆ లైను ఖాళీయే. బౌల్డరింగ్‌కు ఈ బెడద లేదు. నాలుగు, నాలుగున్నర మీటర్ల గోడ, కింద మందపాటి మ్యాట్, కాళ్లకు షూ, చేతులకు చాక్ పొడి ఉంటే చాలు. ఆఫీసు వదిలాక ఎవరైనా ఒక్కరే వచ్చి గంటన్నర ఎక్కి వెళ్లొచ్చు.

పొట్టి గోడ మీద ఆట పొట్టిదవుతుందని కొందరికి అనుమానం. అది నిజం కాదు. 1964లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో డాన్ రాబిన్సన్ అనే అధ్యాపకుడు ఒక నడవా గోడ ఇటుకల మధ్య రాళ్లు పొదిగించాడు. జాన్ సైరెట్ వంటి మేటి క్లైంబర్లు ఆ నడవాలోనే సాధన చేశారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడే మూన్‌బోర్డ్ అనే సాధన గోడ సంగతి చూడండి. మూడు మీటర్ల పైచిలుకు ఎత్తు, రెండున్నర మీటర్ల లోపు వెడల్పు, నలభై డిగ్రీల వాలు. అంతలోనే ప్రపంచస్థాయి వాళ్లకూ చెమటలు పడతాయి.

ఎత్తు అక్కర్లేదు కాబట్టి డబ్బు ముందు నేలకు పోవాలంటాను. బౌల్డరింగ్‌లో కిందపడటం ప్రమాదం కాదు, ఆటలో భాగం. ఒక్కో మనిషి ఒక్క సాయంత్రం పదుల సార్లు పడతాడు. మ్యాట్ కనీసం అడుగు మందం ఉండాలి. లోపల మెత్తటి ఫోము, పైన గట్టి ఫోము పొర, ఆ పైన అతుకులు తెలియని కవరు. పొరలు తిరగబడితే, రెండు మ్యాట్ల మధ్య సందు పడితే, పాదం అందులో దిగి చీలమండ మెలి తిరుగుతుంది. గోడ ముందుకు ఎంత వాలిందో చూసి, ఆ కొస నుంచి ఇంకా రెండు రెండున్నర మీటర్లు మ్యాట్ పరవాలి. ఆ మేర సోఫాలు గానీ నీళ్ల సీసాలు గానీ నిలబడి కబుర్లు చెప్పేవాళ్లు గానీ ఉండకూడదు. షెడ్డు కొలతలు చూసినప్పుడు ఈ ఖాళీ జాగాకు కూడా అద్దె కట్టాలని చాలామందికి తట్టదు. పరుపు కొట్టువాడి చేత సగం ధరకు కుట్టించేద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే, దయచేసి ఈ వ్యాపారం జోలికి రాకండి.

గోడ సంగతికొస్తే, ఇనుప ఫ్రేము, దాని మీద 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్, వెనకవైపు హోల్డ్స్ అనే పట్టుముక్కల్ని బిగించడానికి వందలాది టీ-నట్లు. షెడ్డు స్తంభాలు షెడ్డు బరువునీ గాలినీ మోయడానికి లెక్కగట్టినవి. ముందుకు వాలిన గోడనూ దాని మీద వేలాడే మనుషులనూ వాటికి తగిలించే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు చేత లెక్క వేయించాలి. మేస్త్రీ అంచనా ఇక్కడ పనికిరాదు.

ఇక అసలు మనిషి రూట్ సెట్టర్. హోల్డ్స్‌ని ఏ క్రమంలో, ఏ దూరంలో, ఏ వైపు తిప్పి బిగిస్తే ఒక మనిషి ఒళ్లూ బుర్రా రెండూ పనిచేస్తాయో ఆలోచించేది ఆ మనిషే. జనం మళ్లీ మళ్లీ డబ్బు కట్టేది ఆ ఆలోచనకే. ఒకే రూట్లు రెండు నెలలు ఉంచితే సభ్యులు ఒక్కొక్కరే జారుకుంటారు. వారానికో భాగం చొప్పున పాతవి విప్పి, చాక్, చెమట, రబ్బరు మరకలు పట్టిన హోల్డ్స్ కడిగి, ఆరబెట్టి, కొత్త రూట్లు వేస్తూ పోతే నెలా నెలన్నరలో గోడంతా మారుతుంది. వేసినవి తానే ఎక్కి చూడాలి. తనకన్నా పొట్టివాళ్ల చేతా ఎక్కించి చూడాలి. ఆరడుగుల సెట్టర్ చెయ్యి చాపితే అందేది ఐదడుగుల అమ్మాయికి అసలు అందకపోతే, అది కష్టమైన రూటు కాదు, చెడ్డ రూటు. ఇలాంటివి రెండు మూడు ఎదురైతే ఆ అమ్మాయి మళ్లీ రాదు. ఎందుకు రాలేదో మనకు చెప్పదు కూడా.

ఇంత పని చేసేవాడిని చాలాచోట్ల పార్ట్‌టైమ్ కుర్రాడి కింద జమకట్టి, రిసెప్షన్ కంటే తక్కువ జీతం ఇవ్వడం చూశాను. నాకు చాలా కోపం వస్తుంది. రిసెప్షన్ బల్లకు గ్రానైట్ పరిచిన డబ్బు సెట్టర్ భుజాల మీద పెట్టండి. రోజంతా నిచ్చెన మీద నిలబడి డ్రిల్లు పట్టే ఆ భుజాలు అరిగిపోయేవే.

ఈ ఊరికి ప్రత్యేకంగా ఒక మాట. ఎక్కువ జిమ్‌లు ముందుకు వాలిన గోడలే కడతాయి. ఫోటోల్లో బాగుంటాయి, వాటి మీద నుంచి పడితే ఒంటికి గోడ తగలకుండా నేరుగా మ్యాట్ మీద పడతారు. కానీ మన దక్కన్ గ్రానైట్ నేర్పే విద్య వేరు. ఖాజాగూడ గుండ్ల మీదైనా భువనగిరి బండ మీదైనా చేతులకు దాదాపు ఏమీ దొరకదు. బూటు రబ్బరును నమ్మి, బరువంతా కాళ్ల మీద వేసి నిలబడాలి. వెనక్కి వాలిన గోడ ఒక్కటైనా లేకుండా హైదరాబాద్‌లో జిమ్ కడితే, అందులో నేర్చుకున్నవాళ్లు గుట్ట దగ్గరికి వెళ్లినప్పుడు బిక్కచచ్చిపోతారు. మొదటిసారి వచ్చిన యాభై ఏళ్ల మనిషికి కూడా హాయిగా ఎక్కగలిగేది ఆ గోడే.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. మున్సిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, అగ్నిమాపక శాఖ అనుమతుల సంగతి లీజు రాసుకోకముందే తేల్చుకోవాలి. నేలకు బోల్టులు దించడానికి షెడ్డు యజమాని ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా ఉండాలి. వచ్చిన ప్రతివాళ్ల చేతా సంతకం పెట్టించుకుంటాం కాబట్టి ఫరవాలేదనుకోవద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల ఒప్పందం చెల్లదు, తల్లో తండ్రో సంతకం చేయాలి. ఎవరు సంతకం చేసినా, వదులైన హోల్డ్ గిర్రున తిరిగి మనిషి పడితే ఆ కాగితం మనల్ని కాపాడుతుందని నేననుకోను. రోజూ తలుపులు తెరవకముందు ఎవరు ఏ గోడ బోల్టులు చూశారో పుస్తకంలో రాసి పెట్టాలి.

అద్దె లెక్క కూడా వేద్దాం. ఆరు వేల చదరపు అడుగులు, అడుగుకి యాభై రూపాయలు అనుకుంటే నెలకు మూడు లక్షలు. టిక్కెట్టు ఐదు వందలైతే, ఒక్క అద్దెకే రోజుకు ఇరవై మంది రావాలి. జీతాలు, కరెంటు, ఏసీ ఇంకా లెక్కలోకి రాలేదు. మే నెలలో ఏసీ లేకపోతే చెమటకు చేతులు జారి ఎవరూ నిలవరు. వచ్చేవాళ్లు సాయంత్రం ఆరు తర్వాత, శని ఆదివారాల్లో వస్తారు. మిగతా రోజంతా గోడ ఊరికే ఉంటుంది.

ఆ ఖాళీ గంటల గురించే ఆ కుర్రాడితోనూ అతని స్నేహితురాలితోనూ ఎక్కువసేపు మాట్లాడాను. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్ల తొలి శిక్షణ భువనగిరి కోట బండ మీదే. అలాంటి పిల్లలకు పగటిపూట గోడ ఇస్తే కరెంటు ఖర్చు తప్ప మనకు పోయేదేమీ లేదు. బస్సు ఖర్చు ఎవరు పెట్టుకుంటారని కుర్రాడి స్నేహితురాలు అడిగింది. మొదటి ఏడాది మనమే పెట్టుకుందామని, ఆ మొత్తాన్ని అద్దె పక్కనే ఒక పద్దుగా రాయమని చెప్పాను. రాసింది. ఇప్పుడు ఇద్దరూ ఇరవై అడుగుల ఎత్తున్న షెడ్డు కోసం వెతుకుతున్నారు.